ఆస్ట్రేలియా ఆదివాసి రక్తం నుంచి మన తండా దాకా: కార్జంలో జరిగే పోరాటం చరిత్ర



ఈ గ్రూపులో మనం జోడేఘాట్ గురించి రాసుకున్నాం. సేవాలాల్ మహారాజ్ గురించి, పోడు భూముల గురించి, తండాలు పంచాయతీలైన సంగతి గురించి రాసుకున్నాం. ఈసారి మేము పెడుతున్నది కూడా చరిత్రే, కానీ కొంచెం వేరే రకం. ఇది రక్తం చరిత్ర, కార్జం చరిత్ర. కొంచెం పొడుగుంటది, ఓపికతో చదవండి.

మేము అంటే అక్కన్నపేట మండలం తండాల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్న కొంతమందిమి. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు మన అక్కన్నపేట కొత్త మండలం అయింది. అంతకుముందు హుస్నాబాద్ మండలం, కరీంనగర్ జిల్లా. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే ఇంటికి పోతే ఎవరికి జ్వరం వచ్చినా, ఏ దవాఖాన కాయితం వచ్చినా "నువ్వు చదువుకున్నవు కదా, ఇదేందో చెప్పు" అని మా చేతిలోనే పెడతారు.

అట్ల చేతిలోకి వచ్చిన ఒక కాయితం గురించే ఈ పోస్టు. రక్తదాన శిబిరంలో రక్తం ఇచ్చిన ఒక అన్నకు కొన్నాళ్ళకు కబురొచ్చింది. ఆ కాయితంలో "హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్" అని ఉంది. మనిషికి ఏ రోగమూ లేదు, రోజూ కబడ్డీ ఆడుతాడు. కానీ మాట బయటపడ్డ వారం లోపల ఆయన కంచం వేరైంది, గ్లాసు వేరైంది, మంచం గోడ పక్కకు జరిగింది. జరిపింది బయటోళ్ళు కాదు, మన పిల్లలే. ఊర్లల్లో మన తాతలకు వేరే గ్లాసు పెట్టిన సంగతులు ఇదే గ్రూపులో కోపంతో రాసుకున్నోళ్ళం మనం. కాబట్టి ఆ కాయితంలోని మాట ఎక్కడ పుట్టింది, ఒంట్లో అసలు ఏం జరుగుతుంది అనేది మొదటి నుంచి చెప్పుకుందాం.

1. ఆ మాటకు పాత పేరు "ఆస్ట్రేలియా"

హెచ్‌బీఎస్‌ఏజీ అంటే హెపటైటిస్ బి వైరస్ పైపొరలో ఉండే ఒక ప్రోటీన్. దీని మొదటి పేరు "ఆస్ట్రేలియా యాంటిజెన్". ఆ పేరు వెనక ఒక ఆదివాసి ఉన్నారు.

అమెరికాలో బరూచ్ బ్లంబర్గ్ అనే డాక్టరు ఉండేవాడు. ఒకే జబ్బు కొందరికి ఎందుకు వస్తుంది, కొందరికి ఎందుకు రాదు అని ఆయన ప్రశ్న. దానికోసం ప్రపంచంలోని రకరకాల జనాల రక్త నమూనాలు పోగు చేశాడు. అప్పట్లో ఆయన పద్ధతి ఇట్ల ఉండేది. హీమోఫీలియా రోగులకు మాటిమాటికీ వేరేవాళ్ళ రక్తం ఎక్కిస్తారు. అట్ల ఎక్కించుకున్న ఒంట్లో పరాయి ప్రోటీన్ల మీద యాంటీబాడీలు తయారవుతాయి. ఆ రోగి రక్తపు సీరాన్ని, వేరే మనిషి సీరాన్ని ఒక జెల్ పలకలో పక్కపక్కన పోస్తే, రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టిన చోట తెల్లని గీత పడుతుంది.

1963లో అట్లాంటి గీత ఒకటి పడింది. ఒకవైపు న్యూయార్క్ హీమోఫీలియా రోగి సీరం, ఇంకోవైపు ఒక ఆస్ట్రేలియా ఆదివాసి సీరం. ఆ గీతకు కారణమైన ప్రోటీన్‌కు ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టి, బ్లంబర్గ్ బృందం 1965లో ప్రచురించింది. మొదట దానికీ రక్త క్యాన్సర్‌కూ సంబంధం ఉందేమో అనుకున్నారు. తర్వాత కొన్నేళ్ళకు అది కామెర్లు తెచ్చే వైరస్‌ది అని తేలింది. 1970లో లండన్‌లో డేవిడ్ డేన్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వైరస్ మొత్తాన్ని చూసింది. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పుట్టిన రోజు జూలై 28. ఇప్పుడు ప్రపంచ హెపటైటిస్ దినం అని మనం జరుపుకునేది ఆ రోజునే.

బ్లంబర్గ్ పేరు పుస్తకాల్లో ఉంది. రక్తం ఇచ్చిన ఆ ఆదివాసి పేరు మేము చదివిన ఏ పాఠంలోనూ లేదు. "ఆస్ట్రేలియా" అని దేశం పేరు పెట్టారు, మనిషి పేరు వదిలేశారు. ఈ రోజు ప్రపంచమంతా రక్తనిధుల్లో జరిగే పరీక్షకు మొదటి ఆధారం ఆ రక్తమే. మన దేశంలో కూడా దానం చేసిన ప్రతి రక్తం సంచికీ ఈ పరీక్ష తప్పనిసరి. కాబట్టి మా అన్నకు వచ్చిన కాయితానికీ, ఎక్కడో ఉన్న ఆ ఆదివాసికీ నేరుగా బంధుత్వం ఉంది.

2. కార్జాన్ని పాడుచేసేది ఎవరు?

వైరస్ వచ్చి కార్జాన్ని కొరికి తింటది అని మనమందరం అనుకుంటాం. నిజం అది కాదు. హెపటైటిస్ బి వైరస్ కార్జం కణంలోకి దూరి, అందులో తన నకళ్ళు తయారు చేయించుకుంటుంది తప్ప ఆ కణాన్ని నేరుగా చంపదు. కణాన్ని చంపేది మన సొంత కాపలావాళ్ళు, అంటే రోగనిరోధక కణాలు.

ఈ సంగతి అర్థం కావడానికి మళ్ళీ ఆస్ట్రేలియాకే పోవాలి. 1973, 74లో కాన్‌బెర్రాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ అనే ఇద్దరు ఎలుకల్లో వచ్చే ఎల్‌సీఎంవీ అనే వైరస్ మీద పనిచేశారు. తెల్ల రక్తకణాల్లో టీ కణాలు అని ఒక జాతి ఉంటుంది. అందులో "సీడీ8" అనే రకం, వైరస్ దూరిన కణాన్ని పట్టుకొని చంపుతుంది. అవి ఎట్ల గుర్తుపడతాయి అనేది ఆ ఇద్దరూ కనిపెట్టారు. ప్రతి కణం తన లోపల తయారయ్యే ప్రోటీన్ల ముక్కల్ని తన గడప మీద పెట్టి చూపిస్తుంది. గడప మన ఇంటిదే అయి ఉండాలి, దాని మీద పెట్టింది మాత్రం పరాయి ముక్క అయి ఉండాలి. ఈ రెండూ కలిసి కనబడితేనే టీ కణం దెబ్బ వేస్తుంది. దీనికి 1996లో వాళ్ళకు నోబెల్ వచ్చింది.

ఇప్పుడు కార్జానికి వద్దాం. సీడీ8 కణాలు వైరస్ ఉన్న కార్జం కణాల్ని కొడితే ఆ కణాలు పగిలి అందులోని ఎంజైములు రక్తంలోకి వస్తాయి. రిపోర్టులో "ఎస్‌జీపీటీ" అని చూస్తాం కదా, అది అట్ల బయటపడ్డ ఎంజైమే. కార్జం దెబ్బతిని పసుపు రంగు పదార్థం పేరుకుంటే కళ్ళు పచ్చగా అయితాయి. మనం కామెర్లు, పసిరికలు అంటాం. అంటే ఈ వైరస్‌తో వచ్చే కామెర్లు చాలావరకు యుద్ధం జరుగుతోంది అనడానికి గుర్తు. ఎవరూ కొట్లాడకపోతే కళ్ళు పచ్చబడవు, నొప్పి ఉండదు, వైరస్ మాత్రం లోపల హాయిగా ఉంటుంది.

కాపలావాళ్ళకు ఇంకో పద్ధతి కూడా తెలుసు. అమెరికాలో ఫ్రాన్సిస్ చిసారి బృందం 1999లో చింపాంజీల్లో చూపించింది ఏమంటే, కార్జం కణాల్ని పెద్దగా చంపకుండానే వైరస్ చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. టీ కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ లాంటి పదార్థాలు కణం లోపల వైరస్ పనిని ఆపేస్తాయి. 2003లో అదే బృందం ఇంకో పరీక్ష చేసింది. వైరస్ సోకిన చింపాంజీల్లో సీడీ8 కణాల్ని తాత్కాలికంగా తీసేశారు. ఆ కణాలు తిరిగి వచ్చేదాకా వైరస్ పోలేదు. దీన్ని బట్టి ఈ పోరాటంలో ముందు నిలబడేది సీడీ8 కణాలే అని తేలింది.

3. అదే వైరస్, వయసును బట్టి వేరే కథ

పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే వందలో దాదాపు 95 మంది ఒంట్లోని టీ కణాలు దాన్ని కొన్ని నెలల్లో అదుపు చేస్తాయి. అదే వైరస్ పుట్టినప్పుడు తల్లి నుంచి బిడ్డకు సోకితే వందలో 90 మందికి జీవితాంతం ఉండిపోతుంది. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు సోకితే పావు వంతు నుంచి సగం మందికి నిలిచిపోతుంది.

ఈ లెక్కలు మళ్ళీ ఒకసారి చదవండి. ఎవరు బలహీనుడు, ఎవరు చెడు తిరుగుళ్ళు తిరిగాడు అనే ప్రశ్నకు ఇందులో చోటే లేదు. ఈ వైరస్ పెద్దవాళ్ళకు లైంగిక సంబంధం వల్ల కూడా సోకుతుంది, నిజమే. కానీ ఒక ఇరవై ఏళ్ళ పిల్లవాడికి ఈ వైరస్ చాన్నాళ్ళుగా ఒంట్లో ఉందని తేలితే, చాలాసార్లు అది వాడు ఊయలలో ఉన్నప్పుడు వచ్చిందే. అమ్మకు తెలియదు, మంత్రసానికి తెలియదు.

ఎందుకు ఇట్ల? రెండు మూడు కారణాలున్నాయి. పసిబిడ్డ కాపలావాళ్ళు అప్పుడప్పుడే లోకాన్ని చూస్తున్నారు, ఏది మనది, ఏది పరాయిది అని నేర్చుకునే వయసు. రెండోది, కార్జం స్వభావం. మనం తిన్న ప్రతిదీ పేగుల నుంచి రక్తంతో ముందు కార్జానికే వస్తుంది. కనబడ్డ ప్రతి పరాయి ముక్క మీదా యుద్ధం చేస్తే మనం అన్నం తినలేం. అందుకని కార్జం ఓర్చుకునే అవయవం. 1969లో ఇంగ్లండ్‌లో రాయ్ కాల్న్ బృందం ఒక పంది కార్జాన్ని ఇంకో పందికి అమర్చి చూసింది. వేరే అవయవాల్ని గట్టిగా తిరస్కరించే ఒళ్ళు కార్జాన్ని మాత్రం చాలాసార్లు ఏ మందూ లేకుండానే ఒప్పుకుంది. ఆ ఓర్పే వైరస్‌కు ఆసరా అయింది. మూడోది వైరస్ తెలివి. అది తన అసలు రూపం కంటే వేల రెట్లు ఎక్కువగా ఖాళీ పైపొరల్ని రక్తంలోకి వదులుతుంది. లోపల ఏమీ ఉండదు, వేషం మాత్రమే. మా అన్న పరీక్షలో కనబడ్డ హెచ్‌బీఎస్‌ఏజీలో ఎక్కువ భాగం అట్లాంటి వేషాలే. వాటి వెంట పరిగెత్తీ పరిగెత్తీ కాపలా దారి తప్పుతుంది.

4. అలసిపోయిన కాపలా: ఉస్మానియాలో చదివిన ఒకాయన కథ

మనకు దగ్గరి చరిత్ర ఇక్కడుంది. రఫీ అహ్మద్ అనే శాస్త్రవేత్త 1948లో హైదరాబాద్‌లో పుట్టాడు. 1968లో ఉస్మానియాలో బీఎస్సీ చేశాడు. తర్వాత అమెరికా పోయి హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, 1995 నుంచి అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీలో పనిచేస్తున్నాడు. మాలో బీఎస్సీ చదివేటోళ్ళకు ఈ సంగతి తెలిసినప్పుడు, మనం చదివే డిగ్రీతోనే ఇంత దూరం పోవచ్చా అనిపించింది.

ఆయన కూడా కాన్‌బెర్రా వాళ్ళు వాడిన ఎలుకల వైరస్‌నే పట్టుకున్నాడు. ఆ వైరస్‌లో రెండు రకాలున్నాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ అనే రకం సోకితే ఎలుక ఎనిమిది రోజుల్లో దాదాపు వదిలించుకుంటుంది. 1984లో రఫీ అహ్మద్, మైఖేల్ ఓల్డ్‌స్టోన్ బృందం క్లోన్ 13 అనే ఇంకో రకాన్ని వేరు చేసింది. అది సోకితే నెలల తరబడి పోదు. రెండింటికీ తేడా చాలా స్వల్పం. అయినా ఒకటి చుట్టంలా వచ్చి పోతుంది, ఇంకొకటి ఇల్లు కట్టుకుంటుంది.

నెలల తరబడి వైరస్ ఉన్న ఎలుకల్లో టీ కణాలు ఏమైపోయాయి? కొన్ని పూర్తిగా మాయమవుతాయని 1993లో జింకర్‌నాగెల్ బృందం చూపించింది. 1998లో రఫీ అహ్మద్ ల్యాబు ఇంకో విచిత్రం చూపించింది. చాలా కణాలు మాయం కాలేదు. ఉన్నాయి, వైరస్‌ను గుర్తుపడుతున్నాయి కూడా. కానీ కొట్టడం లేదు, ఇంటర్‌ఫెరాన్ వదలడం లేదు. శాస్త్రవేత్తలు ఈ స్థితిని "అలసట" అనే పేరుతోనే పిలుస్తారు.

మన భాషలో చెప్పాలంటే మక్క చేను కాపలా లాంటిది. ఒక రాత్రి అడవి పందుల మంద వస్తే మంచె మీది మనిషి డబ్బా కొట్టి, కేకలేసి తరిమి పొద్దున హాయిగా పడుకుంటాడు. అదే పందులు రోజూ వస్తే, నెలల తరబడి తెల్లార్లూ మేలుకుంటే, ఒకనాటికి పంది కళ్ళ ముందే కనబడుతున్నా గొంతు లేవదు, చెయ్యి లేవదు. ఆ మనిషిని పిరికోడు అనగలమా? వాడు ఎవరికంటే తక్కువ? శత్రువు పోకపోవడం వల్ల వచ్చిన స్థితి అది.

అయితే ఈ అలసట ఉత్త నీరసం కూడా కాదు. కణం మీద ఒక కళ్ళెం ఉంటుంది, దాని పేరు పీడీ-1. 1992లో జపాన్‌లో తసుకు హోంజో ల్యాబు దాన్ని కనిపెట్టింది. 2006లో రఫీ అహ్మద్ బృందం, అలసిన టీ కణాల మీద ఈ కళ్ళెం గట్టిగా బిగిసి ఉందని, దాన్ని యాంటీబాడీతో వదులు చేస్తే ఆ కణాలు మళ్ళీ లేచి వైరస్‌ను తగ్గిస్తాయని ఎలుకల్లో చూపించింది. మరుసటి ఏడాది ఇటలీలో పార్మా శాస్త్రవేత్తలు హెపటైటిస్ బి చాన్నాళ్ళుగా ఉన్న మనుషుల్లోనూ టీ కణాలు ఇట్లాగే అలసి ఉన్నాయని, కళ్ళెం తీస్తే కొంత కోలుకుంటాయని ల్యాబులో చూశారు. 2016లో ఎమరీ వాళ్ళు ఇంకో మంచి మాట చెప్పారు. అలసిన గుంపులోనే ఒక చిన్న భాగం విత్తనం గింజల్లా దాగి ఉంటుంది. కళ్ళెం తీసినప్పుడు పెరిగి కొట్లాడేది ఆ గింజల నుంచి వచ్చిన కణాలే.

ఈ జ్ఞానం ముందు క్యాన్సర్ రోగులకు పనికొచ్చింది. పీడీ-1 కళ్ళెం తీసే మందులు 2014 నుంచి వాడుకలోకి వచ్చాయి. 2018లో హోంజోకు, జేమ్స్ అలిసన్‌కు నోబెల్ వచ్చింది. మరి హెపటైటిస్ బికి అదే మందు ఎందుకు ఇవ్వరు? రెండో భాగంలో చెప్పుకున్నాం కదా, కార్జాన్ని కొట్టేది మన కాపలావాళ్ళే అని. కార్జం నిండా వైరస్ ఉన్నప్పుడు అందరి కళ్ళేలూ ఒక్కసారే తీసేస్తే చేనుతో పాటు ఇల్లు కూడా కాలుతుంది. అంటే ఆ కళ్ళెం కొంతవరకు మన కార్జాన్ని కాపాడటానికి ఒళ్ళు వేసుకున్నదే. అందుకే ఈ దారిలో పరిశోధన ఇంకా జాగ్రత్తగా నడుస్తోంది.

పక్కనే హెపటైటిస్ సి ఉంది. అది వేరే వైరస్. దాన్ని 1989లో కనిపెట్టారు, 2020లో దాని మీద నోబెల్ వచ్చింది. దాన్ని ఇప్పుడు మాత్రలతో రెండు మూడు నెలల్లో వందలో 95 మందికి పైగా పూర్తిగా నయం చేస్తున్నారు. హెపటైటిస్ బి అట్ల కాదు. అది కార్జం కణం నడిమధ్యలో, కేంద్రకంలో, తన డీఎన్‌ఏని చిన్న ఉంగరంలా చుట్టి దాచిపెడుతుంది. టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మాత్రలు నకళ్ళు తయారు కాకుండా ఆపుతాయి, కార్జాన్ని కాపాడుతాయి. ఉంగరాన్ని మాత్రం తీయలేవు. అందుకే చాలామంది ఆ మందును ఏళ్ళ తరబడి వేసుకోవాలి, సొంతంగా ఆపొద్దు.

5. పసరు మందుకు పేరు ఎట్ల వచ్చింది

మన దగ్గర కామెర్లు అంటే ముందు గుర్తొచ్చేది పసరు. కొందరు పొద్దున్నే పరగడుపున తాగిస్తారు, కొందరు కళ్ళలో, ముక్కులో చుక్కలు వేస్తారు, కొందరు చేతి మీద వాత పెడతారు. "ఫలానా ఊరి మందుతో వందమందికి తగ్గింది" అంటారు. అది అబద్ధం కాదు, తగ్గిన మాట నిజమే. కానీ తగ్గించింది ఎవరు?

నీళ్ళ వల్ల, తిండి వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఇ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. పెద్దవాళ్ళకు కొత్తగా వచ్చిన హెపటైటిస్ బి కూడా నూటికి 95 మందికి అదుపులోకి వస్తుంది. కొట్లాడింది టీ కణాలు, పేరు వచ్చింది పసరుకు. మన పెద్దల చెట్ల జ్ఞానాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అడవి మందుల్లో నిజమైన విలువ ఉన్నవి ఎన్నో ఉన్నాయి. కానీ కామెర్లు తగ్గగానే రోగం పోయింది అనుకోవడం ప్రమాదం. చాన్నాళ్ళు ఉండిపోయే హెపటైటిస్ బిలో సాధారణంగా కళ్ళు పచ్చబడవు. అలసిన కాపలా అడపాదడపా లేచి కొడుతుంది, కణాలు చస్తాయి, ఆ చోట మచ్చ కడుతుంది. ఇట్ల ఇరవై ముప్పై ఏళ్ళు సాగితే కార్జం గట్టిపడుతుంది, కొందరికి క్యాన్సర్ అవుతుంది. కార్జం గట్టిపడకుండానే క్యాన్సర్ వచ్చేవాళ్ళూ ఉంటారు. పొలం పని చేసే మనిషి నలభై ఐదేళ్ళకు కడుపు ఉబ్బి పోతే "తాగుడు వల్ల పోయిండు" అంటారు. తాగుడు కార్జాన్ని పాడుచేస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ తాగనోళ్ళు కూడా అట్లాగే పోతున్నారు, వాళ్ళకు ఒక్కసారి కూడా ఈ పరీక్ష జరగలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 25 కోట్ల 40 లక్షల మంది హెపటైటిస్ బితో బతుకుతున్నారు, ఆ ఏడాది దాదాపు 11 లక్షల మంది దానివల్ల చనిపోయారు. మన దేశంలో సుమారు 2 కోట్ల 98 లక్షల మందికి ఉంది. 2007లో ఇండియన్ పీడియాట్రిక్స్ పత్రికలో దేశంలోని అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక లెక్క వచ్చింది. గిరిజనేతరుల్లో 2.4 శాతం, గిరిజనుల్లో 15.9 శాతం. ఇందులో అండమాన్ లాంటి చోట్ల ఉండే చిన్న చిన్న తెగల లెక్కలు కూడా కలిసి ఉన్నాయి, కాబట్టి ఈ అంకెను తెచ్చి ప్రతి తండాకూ, ప్రతి గూడేనికీ అంటించకూడదు. మన రక్తంలో లోపం ఉందని కూడా దాని అర్థం కాదు. టీకా, పరీక్ష, శుభ్రమైన సూది ఆలస్యంగా చేరిన చోట ఈ వైరస్ తల్లి నుంచి బిడ్డకు, పిల్లల నుంచి పిల్లలకు నిశ్శబ్దంగా నడుస్తుంది.

6. టీకా ధర చరిత్ర

కాపలావాళ్ళు అలసిపోయాక లేపడం కష్టం. అలసిపోకముందే నేర్పితే పని సులువు. టీకా చేసేది అదే. వైరస్ లేకుండా దాని వేషాన్ని, అంటే ఆ ఆస్ట్రేలియా ప్రోటీన్‌ను మాత్రమే చూపించి "వీడొస్తే పట్టుకో" అని ముందే చెప్పడం.

మొదటి టీకా 1981లో అమెరికాలో అనుమతి పొందింది. దాన్ని వైరస్ ఉన్న మనుషుల రక్తం నుంచే శుద్ధి చేసి తీసేవాళ్ళు. 1986లో ఈస్ట్ కణాలతో ఆ ప్రోటీన్ తయారు చేసే కొత్త పద్ధతి వచ్చింది. కానీ మన దేశానికి దిగుమతి అయ్యే ఒక్కో డోసు వందల రూపాయలు ఉండేది. మూడు డోసులు కావాలి. 1990లలో కూలీ పని చేసే ఇంటికి అది అందని పండు.

అప్పుడు నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి అనే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టాడు. శాంత అనేది ఆయన తల్లి పేరు. బ్యాంకులు ముందుకు రానప్పుడు ఒమన్ దేశం విదేశాంగ మంత్రి పెట్టుబడి పెట్టాడు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ తన ల్యాబులో చోటిచ్చింది. 1997 ఆగస్టులో శాన్‌వ్యాక్-బి వచ్చింది. జన్యు పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అది. దిగుమతి టీకా ధరలో చిన్న వంతుకే అది దొరికింది, ఆ తర్వాత వేరే కంపెనీలూ రావడంతో ధర ఇంకా పడిపోయింది.

ధర తగ్గాకే సర్కారు అందరికీ ఇవ్వగలిగింది. 2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత్ అనే సంస్థతో కలిసి పిల్లల టీకాల్లో హెపటైటిస్ బిని చేర్చే పని మొదలుపెట్టింది. కేంద్రం 2002లో కొన్ని జిల్లాల్లో, నగరాల్లో మొదలుపెట్టి, 2007-08లో పది రాష్ట్రాలకు పెంచి, 2011 నాటికి దేశమంతటికీ తెచ్చింది. మాలో చాలామంది 2004, 2005లో పుట్టినోళ్ళం. టీకా మన దాకా నడిచొస్తున్న కాలంలో పుట్టిన పిల్లలం. తండాలో ఇంట్లోనే పుట్టినోళ్ళకు పుట్టిన రోజు వేసే డోసు ఎక్కడిది? మా కంటే పదేళ్ళు పెద్దవాళ్ళకైతే అసలు ఏ డోసూ లేదు.

7. ఆదివాసులు గెలిచిన ఒక చోటు

మన రక్తం తీసుకుపోయి పేరు వాళ్ళు తెచ్చుకున్నారు అని మాత్రమే ఈ చరిత్ర ముగియదు. అలాస్కాలోని ఆదివాసుల్లో ఒకప్పుడు హెపటైటిస్ బి, దానివల్ల వచ్చే కార్జం క్యాన్సర్ చాలా ఎక్కువ, చిన్న పిల్లల్లో కూడా. 1980లలో అక్కడ మంచులో దూరదూరంగా ఉన్న ఊర్లకు పోయి పరీక్షలు చేశారు, పెద్దలకు టీకా వేశారు, 1984 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ వేశారు. 1992 తర్వాత పిల్లల్లో కొత్త హెపటైటిస్ బి కామెర్లు కనబడలేదు. 1999 తర్వాత పిల్లల్లో దానివల్ల వచ్చే కార్జం క్యాన్సర్ కనబడలేదు. ఒక్క తరంలో జరిగిన పని ఇది. విమానం తప్ప దారి లేని ఊర్లల్లో అయింది. బస్సు పోయే మన తండాలో ఎందుకు కాదు?

అందుకే మనం చేయగలిగిన పనులు రాస్తున్నాం. ఇవి ఖర్చు లేనివి.

మొదటిది, పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు హెపటైటిస్ బి డోసు. తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకా. వదినో, అక్కనో కాన్పుకు పోతే పక్కన మనం ఉంటాం కదా, నర్సు అక్కను "పుట్టిన డోసు వేశారా?" అని అడుగుదాం. ఆ 24 గంటలు ఎందుకు అని ఇంట్లో అడిగితే పైన రాసిన 90 లెక్క చెబుదాం.

రెండోది, గర్భిణికి హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష. పాజిటివ్ అయితే భయపడొద్దు, కాన్పు దవాఖానలోనే కావాలి. డాక్టరుకు ముందే తెలిస్తే బిడ్డకు టీకాతో పాటు ఇంకో రక్షణ ఇంజెక్షన్ కూడా ఇస్తారు, అవసరమైతే తల్లికి మాత్రలు ఇస్తారు.

మూడోది, మన పరీక్ష మనం చేయించుకోవడం. 2018 జూలై 28న కేంద్రం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. పరీక్షలు, మందులు ఉచితం. జిల్లా స్థాయి సర్కారు దవాఖానలో ఆ పేరు చెప్పి అడగాలి. పాజిటివ్ వస్తే అందరికీ వెంటనే మాత్రలు అవసరం ఉండవు. కొందరికి ఆరు నెలలకోసారి రక్త పరీక్ష, స్కానింగ్ చాలు. ఎవరికి ఏది అనేది డాక్టరు చెప్పాలి, మనం కాదు, పసరు ఇచ్చేటాయన కాదు. నెగెటివ్ వచ్చి, టీకా పడకపోతే మూడు డోసులు వేయించుకోవచ్చు.

నాలుగోది, కంచం సంగతి. ఈ వైరస్ రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఒకే బ్లేడు, ఒకే ట్రిమ్మర్, ఒకరి పళ్ళ బ్రష్షు ఇంకొకరు వాడటం, జాతరలో ఒకే సూదితో అందరికీ పచ్చబొట్లు వేయడం, మార్చని ఇంజెక్షన్ సూది, వీటిని మానాలి. కలిసి తినడం వల్ల రాదు. ఒకే గ్లాసు నీళ్ళ వల్ల రాదు. పక్క మంచం వల్ల రాదు. చెయ్యి కలిపితే, అలాయ్ బలాయ్ తీసుకుంటే, కబడ్డీ ఆడితే రాదు. దెబ్బ తగిలి రక్తం కారితే ఎవరిదైనా సరే గుడ్డ కట్టాలి, ఉత్త చేత్తో ముట్టొద్దు, అంతే. హాస్టల్లో వేరే పెట్టాల్సింది బ్లేడు. కంచం కాదు.

ఈ పోస్టు చదివినోళ్ళు తమ తండా వాట్సాప్ గ్రూపులో పంపండి. చదవడం రాని అమ్మకు, నాయనమ్మకు, యాడికి మన భాషలో చదివి చెప్పండి. మీ ఊర్లో కాన్పుకు దగ్గరున్న అక్క ఎవరైనా ఉంటే ఆశా అక్కతో ఈ వారంలోనే మాట్లాడండి. ఆ బిడ్డ పుట్టిన మొదటి రోజు మన చేతిలో ఉంది.

జై సేవాలాల్! జోహార్ కొమురం భీం!